బోరు నీటిలో ఏముందో విడదీసి చెప్పే విద్య



నల్గొండ, పాలమూరు జిల్లాల్లో నీళ్ల ముచ్చట ఎత్తితే రాయి ముచ్చట కూడా ఎత్తాల్సిందే. మన కాళ్ల కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. వాన నీరు ఆ రాతి పగుళ్లలోకి దిగి, అక్కడ ఏళ్లకేళ్లు నిలిచి, బోరు వేసిన రోజు బయటికి వస్తుంది. నిలిచినన్నాళ్లూ రాతి నుంచి కొంచెం కొంచెం కరిగించుకుంటూనే ఉంటుంది. ఫ్లోరైడ్ అట్లా వచ్చిందే. మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో ముప్పై ఏళ్లకే వంగిపోయిన నడుములను చూసినవాళ్లకు ఈ సంగతి నేను కొత్తగా చెప్పనక్కర్లేదు.

అదే గ్రానైటులో యురేనియం కూడా ఉంది. భూమి పైపొరలో సగటున ఒక టన్ను రాతికి మూడు గ్రాముల దాకా ఉండే ఈ లోహం, గ్రానైట్లలో సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. పాత గ్రానైటు మీద శ్రీశైలం క్వార్ట్‌జైట్ పొరలు పరుచుకున్న చోట, ఆ రెండు రాళ్లూ కలిసే అతుకు దగ్గర, ఇంకా చిక్కగా పోగుపడింది. నాగార్జునసాగర్ జలాశయం పక్కన లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల దగ్గర హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ వాళ్లు గుర్తించిన నిక్షేపాలు ఇవే. అక్కడ గనులు తవ్వాలని యురేనియం కార్పొరేషన్ ముందుకొచ్చింది. 2003 ఆగస్టులో పెద్దగట్టు దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఖనిజాన్ని శుద్ధి చేసే కర్మాగారాన్ని దేవరకొండ దగ్గర శేరిపల్లిలో పెడతామంటే 2005లో అక్కడా జనం గొంతెత్తారు. తర్వాత 2019లో నల్లమల వంతు వచ్చింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణ ప్రతిపాదన బయటికి రాగానే చెంచు పెంటల నుంచి హైదరాబాద్ దాకా కదలిక వచ్చింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

ఈ పోరాటాలన్నింటిలో ఒక మాట మళ్లీ మళ్లీ వినపడింది. నీళ్లు పాడవుతాయి అని ఒకవైపు, కావు అని ఇంకోవైపు. రెండు వైపులా గట్టిగానే మాట్లాడారు. కానీ ఫలానా ఊరి ఫలానా బోరులో ఇవాళ ఏ మూలకం ఎంత ఉంది అని ఊరివాళ్ల చేతిలో కాగితం లేకపోతే, ఆ వాదన ఎప్పటికీ తెగదు. ఆ కాగితం ఎట్లా తయారవుతుందన్నదే ఈనాటి ప్రసంగం. దాని వెనక ఉన్న పద్ధతి పేరు ఎక్స్‌ట్రాక్షన్ క్రొమటోగ్రఫీ. పేరు చూసి భయపడొద్దు, పని మాత్రం చాలా చక్కనిది.

మొదట చిక్కు ఎక్కడుందో చూద్దాం. యురేనియం ఒంటరిగా ఉండదు. యురేనియం-238 ఆయుష్షు చాలా పెద్దది. అందులో సగం తరిగిపోవడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. అది తరుగుతూ ఒకదాని తర్వాత ఒకటిగా వేరే మూలకాలను కంటుంది. యురేనియం-234, థోరియం-230, రేడియం-226, రేడాన్ వాయువు, పొలోనియం-210, ఇట్లా సాగి చివరికి సీసం దగ్గర ఆగుతుంది. దీనికి తోడు రాతిలో సొంతంగా ఉన్న థోరియం-232కి ఇంకో వంశం ఉంది. కాబట్టి మట్టిలోనైనా నీళ్లలోనైనా మనకు దొరికేది ఒక మూలకం కాదు, ఇంటిల్లిపాదీ దొరుకుతుంది.

వీటిలో చాలావరకు ఆల్ఫా కణాలను వదులుతాయి. ఏ కణం ఎంత శక్తితో వచ్చిందో కొలిచే పరికరాలు ఉన్నాయి. ఆ శక్తిని బట్టి పంపింది ఎవరో చెప్పొచ్చు. చెప్పొచ్చు కానీ, అన్నిసార్లూ కాదు. యురేనియం-234 పంపే ఆల్ఫా కణం శక్తి దాదాపు 4.77 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. రేడియం-226 పంపేది 4.78. థోరియం-230 పంపేది 4.69. పరికరం తెర మీద ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే కుప్పగా కనిపిస్తాయి. ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ఈ కుప్పను సరిగ్గా విప్పలేదు. యంత్రం దగ్గరికి పోకముందే రసాయన శాస్త్రం వాటిని విడదీసి ఉండాలి.

విడదీయడం ఎంత కష్టమో చరిత్రలో మొదట అనుభవించింది మేరీ క్యూరీ. 1898లో ఆమె, పియెర్ క్యూరీ కలిసి పొలోనియం, రేడియం ఉన్నాయని ప్రకటించారు. రేడియాన్ని కళ్లకు చూపించడానికి టన్నుల కొద్దీ ఖనిజ వ్యర్థాన్ని కాచి, వడగట్టి, మళ్లీ మళ్లీ స్ఫటికాలు కట్టించారు. 1902 నాటికి చేతికొచ్చింది గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడ్. ఆ శ్రమను తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

తర్వాతి కాలంలో ద్రవంతో ద్రవాన్ని కలిపి వేరుచేసే పద్ధతి వచ్చింది. మన హైదరాబాద్‌లో 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియాన్ని శుద్ధి చేసేది ఆ పద్ధతిలోనే. యురేనియాన్ని నత్రికామ్లంలో కరిగిస్తారు. కిరోసిన్ వంటి ద్రావణిలో ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే ద్రవం కలిపి దాంతో బాగా కలియబెడతారు. నూనె, నీరు విడిపోయినట్టు రెండు పొరలు తేరుకుంటాయి. యురేనియం పై పొరలోకి ఎక్కుతుంది, మలినాలు కింద ఉండిపోతాయి. టన్నుల లెక్కలో చేసే కర్మాగారానికి ఇది బాగుంటుంది. కానీ ఒక లీటరు బోరు నీటిలో ఉన్న కొన్ని మైక్రోగ్రాముల కోసం గరాటాలు ఊపుతూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి, వాడిన ద్రావణి అంతా మళ్లీ వ్యర్థంగా మిగులుతుంది.

ఇక్కడే ఆ తెలివైన ఆలోచన వచ్చింది. పట్టుకునే ఆ ద్రవాన్ని సీసాలో పోసి ఊపే బదులు, సన్నని పూసల ఒంటికి పూస్తే? పిండి రేణువులంత చిన్న ప్లాస్టిక్ పూసలు, లోపలంతా సూక్ష్మమైన రంధ్రాలు. ఆ రంధ్రాల్లో పట్టుకునే ద్రవం నిండి ఉంటుంది. ఈ పూసలను చిన్న గొట్టంలో నింపి పైనుంచి నమూనా పోస్తే చాలు, ద్రవం చేసే పనంతా ఒక్క గొట్టంలో, ఒక్కో చుక్కకూ వందల సార్లు జరిగిపోతుంది. ఇటువంటి ప్రయత్నాలు 1960 ప్రాంతంలోనే పోలండ్‌లోనూ ఇతర చోట్లా మొదలయ్యాయి. దీన్ని రోజువారీ ప్రయోగశాల పనిగా మార్చిన ఘనత మాత్రం షికాగో దగ్గరి ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో పనిచేసిన ఫిలిప్ హార్విట్జ్‌ది, ఆయన బృందానిది. యురేనియాన్ని, థోరియం వంటి నాలుగు ఆవేశాల లోహాలను పట్టే యూటెవా అనే రెజిన్, అమెరీషియం, ప్లూటోనియం వంటివాటిని పట్టే టీఆర్‌యూ, స్ట్రాన్షియాన్ని పట్టే మరొకటి వాళ్ల చేతి నుంచే వచ్చాయి. యూటెవాలో పూసిన ద్రవం డైపెంటైల్ పెంటైల్‌ఫాస్ఫొనేట్. ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్‌కి దగ్గరి బంధువే, కాకపోతే యురేనియాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

ఇప్పుడు దేవరకొండ వైపు నుంచి ఒక లీటరు బోరు నీరు ప్రయోగశాలకు వచ్చిందనుకుందాం. అందులో కాల్షియం, సోడియం, మెగ్నీషియం, బైకార్బొనేట్, ఫ్లోరైడ్, సిలికా, ఎరువుల నుంచి దిగిన నైట్రేట్, కొంచెం ఇనుము ఉంటాయి. యురేనియం వీటి ముందు లెక్కలోకి రానంత తక్కువ. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నుంచి చెబుతోంది. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 దాకా అనుమతిస్తుంది. ఆ 30 మైక్రోగ్రాముల యురేనియం-238 నుంచి వచ్చే ఆల్ఫా కణాలు మూడు సెకన్లకు ఒకటి, అంతే. ఈ హద్దు పెట్టింది కూడా ముఖ్యంగా రేడియోధార్మికతను చూసి కాదు. యురేనియం సీసం లాంటి బరువు లోహం. ముందు దెబ్బతినేవి మూత్రపిండాలు. ఈ మాట మన దగ్గర జరిగే చర్చల్లో చాలాసార్లు మరుగున పడుతుంది.

లీటరు నీటిని అట్లాగే గొట్టంలో పోయలేం. ముందు దానికి కొలిచి పెట్టిన యురేనియం-232 కొన్ని చుక్కలు కలుపుతారు. ప్రకృతిలో మన నీళ్లలో ఉండని ఐసోటోపు ఇది. దీన్ని ట్రేసర్ అంటారు. దాని పని నాకు చాలా ఇష్టం. తర్వాతి పదిమెట్ల పనిలో ఎక్కడో కొంత నమూనా జారిపోతుంది, ఎంత నిపుణుడు చేసినా తప్పదు. నమూనాలోని యురేనియం ఎంత పోతే ట్రేసర్ కూడా అంతే పోతుంది, ఎందుకంటే రసాయనికంగా రెండూ ఒకటే. చివర్లో ట్రేసర్ 80 శాతం దొరికితే మన యురేనియం కూడా 80 శాతమే దొరికిందని తెలుస్తుంది, లెక్కను అందుకు తగ్గట్టు సరిచేస్తారు. దాచిపెట్టడానికి వీలులేని పద్ధతి అది.

తర్వాత కాల్షియం ఫాస్ఫేట్ ఏర్పడేలా చేస్తారు. అది తెల్లటి మడ్డిలా అడుగుకు దిగుతూ యురేనియం, థోరియంలను తన వెంట లాక్కెళ్తుంది. లీటరు నీళ్లలో ఉన్నది చెంచాడు మడ్డిలోకి వచ్చేసింది. ఆ మడ్డిని నత్రికామ్లంలో కరిగించి, అల్యూమినియం నైట్రేట్ కలుపుతారు. ఈ అల్యూమినియం దగ్గర ఒక్క క్షణం ఆగుదాం.

యురేనియం, థోరియంలను పూసలు పట్టుకోవాలంటే అవి ఖాళీగా ఉండాలి. ఫ్లోరైడ్, ఫాస్ఫేట్ ఉంటే ముందే వాటిని పట్టేసుకుంటాయి, ముఖ్యంగా థోరియాన్ని. అప్పుడు అది పూసలకు చిక్కకుండా కిందికి జారిపోతుంది. అల్యూమినియానికి ఫ్లోరైడ్ అంటే మహా మక్కువ. అల్యూమినియం వేస్తే ఫ్లోరైడ్, ఫాస్ఫేట్ దానివైపు పోయి మిగతావాటిని వదిలేస్తాయి. శ్రోతలారా, ఈ మాట నల్గొండ వాళ్లు ఎక్కడో విన్నట్టు లేదా? 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ తాగునీటి నుంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి రూపొందించింది. పటిక అంటే అల్యూమినియం లవణమే. ఆ పద్ధతికి ప్రపంచమంతా పెట్టిన పేరు నల్గొండ టెక్నిక్. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల్లోని ఫ్లోరైడ్ ఊళ్లలో దాన్ని వాడి చూశారు. మడ్డి ఎక్కువ మిగలడం, నీటిలో అల్యూమినియం కొంత నిలిచిపోవడం వంటి లోపాలు దానికి ఉన్నాయి. అయినా ఒక జిల్లా బాధ నుంచి పుట్టిన రసాయనం, ఇవాళ రేడియోధార్మిక మూలకాలను విడదీసే గొట్టం ముందు నిలబడి అదే పని చేస్తుండడం చూస్తే నాకు ఆశ్చర్యంగానూ ఉంటుంది, గర్వంగానూ ఉంటుంది.

ఇప్పుడు గొట్టం సంగతి. అందులో పట్టేది రెండు మిల్లీలీటర్ల రెజినే. దీన్ని హైదరాబాద్ నుంచి సాగర్ పోయే బస్సు అనుకోండి. నమూనాను గాఢమైన నత్రికామ్లంతో పోసినప్పుడు యురేనియం, థోరియం సీట్లు పట్టుకుని కూర్చుంటాయి. కాల్షియం, సోడియం, ఇనుము, రేడియం వీటికి సీటు దొరకదు, కడుగు నీళ్లతో పాటే కిందికి దిగిపోతాయి. రేడియం కావాలంటే ఈ దిగిన నీటిని పారబోయకుండా దాచి, వేరే పద్ధతిలో పట్టాలి. లోపల మిగిలినవాళ్లు ఎవరి స్టేజీలో వాళ్లు దిగాలి. అక్కడ స్టేజీ అంటే పోసే ఆమ్లం మారడమే. నత్రికామ్లం తీసేసి గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, తర్వాత దాన్ని కొంత పలుచన చేసి చిటికెడు ఆక్సాలిక్ ఆమ్లం కలిపితే థోరియం దిగిపోతుంది. యురేనియం ఇంకా కదలదు. ఆఖర్న బాగా పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే అదీ దిగుతుంది. ఒకప్పుడు రోజులు పట్టిన పని కొద్ది గంటల్లో, పన్నెండు నమూనాలు పక్కపక్కన పెట్టి, సన్నగా గాలి లాగే పెట్టె మీద అయిపోతుంది.

ఇక లెక్కపెట్టడం. ఆల్ఫా కణం ఒక కాగితాన్ని కూడా దాటలేదు. నమూనా కొంచెం మందంగా ఉన్నా తన పొరలోనే తాను చిక్కుకుపోతుంది. అందుకని యురేనియాన్ని కంటికి కనిపించనంత పలుచని పొరగా పరచాలి. దీనికి సీరియం ఫ్లోరైడ్‌ను వాడతారు. యురేనియాన్ని టైటానియం ట్రైక్లోరైడ్‌తో మార్చి, ఫ్లోరైడ్ కలపగానే సీరియంతో పాటు అతి సన్నని మడ్డిగా ఒక వడపోత బిళ్ల మీద నిలుస్తుంది. మొదట్లో అడ్డుపడిందని తొలగించిన ఫ్లోరైడే ఇక్కడ చివరి పని చేసిపెడుతుంది. ఆ బిళ్లను గాలి తీసేసిన గదిలో డిటెక్టరు కింద ఒకరోజు, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు ఉంచుతారు. తెర మీద శిఖరాలు వేటికవి విడివిడిగా లేస్తాయి. 4.2 దగ్గర యురేనియం-238, 4.77 దగ్గర 234, 5.3 దగ్గర మనం కలిపిన ట్రేసర్. రసాయనం మూలకాలను విడదీసింది, ఐసోటోపులను శక్తి విడదీసింది. పొలోనియం-210 కూడా 5.3 దగ్గరే పలుకుతుంది. ముందు సరిగ్గా కడగకపోతే అది ట్రేసర్‌లా నటించి లెక్కంతా తప్పిస్తుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఒక బోరులో మొత్తం యురేనియం ఎంత అన్నదే ప్రశ్న అయితే ఇంత పని అక్కర్లేదు. కాంతితో యురేనియాన్ని మెరిపించి కొలిచే ఫ్లోరిమీటర్లు నిమిషాల్లో జవాబు చెబుతాయి. దేశమంతటా భూగర్భ జలాల్లో యురేనియాన్ని జిల్లాల వారీగా కొలిచిన జాతీయ పథకం ఎక్కువగా అటువంటి పరికరాలనే నమ్ముకుంది, అది సరైన పనే. గొట్టం పని మొదలయ్యేది ప్రశ్న లోతుగా మారినప్పుడు.

అటువంటి ప్రశ్న కోసం కడప జిల్లా తుమ్మలపల్లి వైపు చూడాలి. అక్కడ యురేనియం కార్పొరేషన్ గని, శుద్ధి కర్మాగారం 2012 నుంచి నడుస్తున్నాయి. క్షార ద్రావణంతో రాయి నుంచి యురేనియాన్ని కరిగించి తీస్తారు. మిగిలిన బురద ఒక చెరువులోకి పోతుంది. చుట్టుపక్కల రైతులు తమ బోర్లు, తోటలు చెడిపోయాయని ఫిర్యాదులు చేస్తూ వస్తున్నారు, సంస్థ కాదంటూ వస్తోంది. ఏ యురేనియం గని దగ్గరైనా గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. కర్మాగారం తీసుకునేది యురేనియాన్నే. దాని సంతానమైన థోరియం-230, రేడియం-226, వాటి కింది వరసంతా బురదలోనే ఉండిపోతాయి. ఖనిజంలో మొదట ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం అట్లా మిగులుతుంది. థోరియం-230 సగం తరగడానికి 75 వేల ఏళ్లు పడుతుంది, కాబట్టి అన్నేళ్లూ రేడియాన్ని కంటూనే ఉంటుంది. ఆ చెరువు కింది నుంచి నీరు ఊరుతోందా లేదా అన్న వివాదంలో మొత్తం యురేనియం ఒక్కటీ కొలిస్తే సగం జవాబే వస్తుంది. రాతిలో సహజంగా కరిగిన నీటికి, బురద నుంచి ఊరిన నీటికి ఈ కుటుంబ సభ్యుల పాళ్లు వేరువేరుగా ఉంటాయి. సహజ నీటిలో థోరియం దాదాపు కరగదు. యురేనియం-234 మాత్రం 238 కంటే ఎక్కువ పాళ్లలో కనిపించడం మామూలు, ఎందుకంటే రాతి రేణువు లోపల ఆల్ఫా తన్నుకు కదిలిపోయిన పరమాణువులు తేలిగ్గా నీటిలోకి జారుకుంటాయి. ఈ నిష్పత్తులను గుర్తుపట్టాలంటే ఒక్కో మూలకాన్నీ విడదీయక తప్పదు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల ఊళ్లలోనూ తండాల్లోనూ, అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచు పెంటల్లోనూ, గనుల మాట మళ్లీ లేవకముందే, ఇప్పుడే, ప్రతి నీటి వనరుకూ ఇట్లాంటి పూర్తి కొలత జరగాలి. యురేనియం రెండు ఐసోటోపులు, థోరియం, రేడియం, పొలోనియం విడివిడిగా, ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి. ఈ పని చేయగల రసాయన శాస్త్రవేత్తలు హైదరాబాద్‌లోనే ఉన్నారు. అణుశక్తి శాఖ సంస్థలు, విశ్వవిద్యాలయాలు అన్నీ రెండు మూడు గంటల దూరంలో ఉన్నాయి. ఫలితాలు తెలుగులో, గ్రామపంచాయతీ గోడ మీద ఉండాలి. గని రాకపోయినా ఆ కొలత వృథా పోదు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా పొలానికీ పశువులకూ, ఒక్కోసారి మనుషులకూ, ఇంకా బోరే దిక్కు. రాతిలోంచి సహజంగా దిగే యురేనియానికి గని అవసరం లేదు.

నమూనా తీయడం ఊరివాళ్లు కూడా పక్కనుండి చూడాల్సిన పని. బోరు మోటారు కొన్ని నిమిషాలు నడిచాక, పైపులో నిలిచిన పాత నీరు పోయాక పట్టాలి. సన్నని వడపోతలో వడగట్టి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నింపి, వెంటనే కొంచెం నత్రికామ్లం కలపాలి, లేకుంటే థోరియం, పొలోనియం సీసా గోడకే అంటుకుని ప్రయోగశాలకు ఖాళీ నీరు చేరుతుంది. సీసా మీద ఊరు, బోరు గుర్తు, లోతు, తేదీ, సమయం రాయాలి. అదే బోరు నుంచి రెండో సీసా కూడా నింపి, సీలు వేసి పంచాయతీ దగ్గర దాచుకోవాలి. ఆ రెండో సీసా ఎప్పుడైనా వేరే ప్రయోగశాలకు పంపుకునే హక్కు ఊరికి ఉండాలి.

ఫలితం వచ్చినప్పుడు అడగవలసినవి కూడా ఉన్నాయి. ఏ ఐసోటోపు ఎంత? ట్రేసర్ ఎంత శాతం తిరిగి దొరికింది? ఈ అంకెలో అటూ ఇటూ తేడా ఎంత? ఎంతకంటే తక్కువ ఉంటే ఈ పద్ధతికి కనిపించదు? యురేనియం తక్కువగా ఉంది అని ఒక్క వాక్యంతో వచ్చిన కాగితాన్ని తీసుకోవద్దు. ఆ నాలుగు అంకెలూ రాసి సంతకం పెట్టి ఇవ్వమని అడగండి. పద్ధతి తెలిసిన ఏ ప్రయోగశాల దగ్గరైనా అవి ఉంటాయి.